పది ఐటెంలు వచ్చు, షో మాత్రం లేదు: 45 నిమిషాల మ్యాజిక్ ప్రోగ్రాం ఎలా కట్టుకోవాలి

హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకే ప్రశ్న ఉంటుంది. "అన్నా, నాకు పది ఐటెంలు వచ్చు. స్కూల్ యాన్యువల్ డేకి పిలిచిన్రు. ముప్పావు గంట ఏం చెయ్యాలె?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఐటెంల రహస్యాలు ఇందులో దొరకవు. అవి మీ గురువు దగ్గరో, సామాను కొన్న చోటో నేర్చుకునే ఉంటారు. వచ్చిన ఐటెంలను ప్రోగ్రాంగా ఎలా కట్టాలన్నదే ఇక్కడి విషయం.

కొత్తవాళ్లు ఉన్న డబ్బంతా సామాను మీద పోస్తారు. డ్రాగన్ బొమ్మల పెట్టెలు, మెరిసే గొట్టాలు కొంటారు. స్టేజీ మీద ఆ పెట్టె తెరవగానే వెనక వరసలోంచి ఒక పిల్లగాడు "పెట్టెలనే ఉంది మతలబు" అని అరుస్తాడు. వాడు అన్నది నిజమే. చెంబు, తాడు, పేపరు, గుడ్డు, రుమాలు లాంటి ఇంట్లో చూసే వస్తువుతో ఏదైనా జరిగితేనే జనం ఇంటికెళ్లి చెప్పుకుంటారు. పద్మశాలీల వాడల్లో కనికట్టు ఆడి చూపే సాధనాశూరులకు తెర లేదు, లైటింగ్ లేదు, చుట్టూ జనం. అయినా కనికట్టు నడిచింది. కాబట్టి సామాను కొనడం చివర పెట్టుకోండి.

కావలసినవి

- మడత టేబుల్ ఒకటి, దాని మీదకు నేల దాకా జారే నల్ల వెల్వెట్ గుడ్డ. వెల్వెట్ వెలుతురును మింగేస్తుంది, శాటిన్ మెరుస్తుంది. శాటిన్ వద్దు.
- తలకు పెట్టుకునే హెడ్ మైక్. చేతి మైక్ పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. కాలర్ మైక్ స్పీకర్ దగ్గరకు వెళ్లగానే కూస్తుంది.
- మ్యూజిక్ పెన్‌డ్రైవ్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి. ఫైళ్లకు 01, 02, 03 అని పేర్లు పెట్టండి. సౌండ్ అబ్బాయికి మీ ఐటెంల పేర్లు తెలియవు, అంకెలు తెలుసు. ఫోన్‌లోంచి వేస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే ఎవరో చేసిన కాల్ రింగ్‌టోన్ గ్రౌండ్ అంతా మోగుతుంది.
- ఒక ప్రోగ్రాంకు సరిపడా ఖర్చయ్యే వస్తువులు, దానికి రెట్టింపు. తాడు, పేపర్లు, గుడ్లు, మార్కర్లు, బ్యాటరీలు.
- కత్తెర, ఇన్సులేషన్ టేపు, పిన్నీసులు, టార్చి, పొడి తువ్వాలు.
- మీ కొలతలకు కుట్టించిన కోటు. లోపలి జేబులు ఎక్కడ, ఎంత లోతు ఉండాలో టైలర్‌కు పాత చొక్కా మీద సుద్దతో గీసి చూపించండి. నోటితో చెబితే మామూలు జేబే కుట్టేస్తాడు.
- నమ్మకస్తుడైన ఒక అసిస్టెంట్. తమ్ముడైనా, చెల్లెలైనా, ఫ్రెండైనా సరే. వేదిక మీదకు రాకపోయినా ఫర్వాలేదు, మ్యూజిక్ చూసుకుంటూ సామానుకు కాపలా ఉండాలి.

1. ముందు ఐటెంలను తగ్గించండి

మీకు వచ్చిన ఐటెంలన్నీ కాగితం మీద రాయండి. మ్యాజిక్ మీద ఆసక్తి లేని ఒక పెద్దావిడకు, అమ్మకో పక్కింటి అత్తమ్మకో, ఒక్కొక్కటి చేసి చూపించండి. మర్నాడు "నిన్న ఏం చేసిన?" అని అడగండి. "తాడు కోసినవ్, మళ్ల ఒక్కటే అయింది" అని ఒక్క వాక్యంలో చెబితే ఆ ఐటెం ఉంచండి. "ఏదో ఎర్రది పెట్టినవ్, తర్వాత ఇంకేదో తీసినవ్" అంటే దాన్ని కొట్టేయండి, మీకెంత ఇష్టమైనా సరే.

రెండో వడపోత దూరం. 30 అడుగుల దూరంలో నిలబడిన మనిషికి వస్తువు కనిపించాలి. మామూలు పేకముక్కలు ఇక్కడే పోతాయి. పేక చేయాలనుంటే జంబో కార్డులు వాడండి, లేదా ఆ ఐటెంను బర్త్‌డే పార్టీలకు దాచుకోండి.

45 నిమిషాలకు ఏడు, ఎనిమిది ఐటెంలు చాలు. పదిహేను కుక్కితే ఏదీ గుర్తుండదు.

2. వరస కట్టండి

నేను కొత్తవాళ్లకు చెప్పే వరస ఇది. అచ్చంగా ఇదే చేయనక్కర్లేదు, కానీ మార్చేటప్పుడు ఎందుకు మారుస్తున్నారో తెలిసి మార్చండి.

మొదటి మూడు నిమిషాలు మాటలుండవు, మ్యూజిక్ మీద రుమాళ్లు, పూలు. చూడగానే అర్థమయ్యేది, వెంటనే అయిపోయేది. జనం అప్పుడే డ్యాన్సుల హడావుడిలోంచి మళ్లుతుంటారు కాబట్టి ఈ మూడు నిమిషాల్లో మాట్లాడినా ఎవరూ వినరు. తర్వాత నమస్కారం, పేరు, ఊరు, పేపర్ చింపే ఐటెం. ఆ తర్వాత ఇద్దరు పిల్లలను పిలిచి తాడు. తర్వాత గుడ్డు, సంచి. అక్కడి నుంచి ఒక టీచర్‌తో మనసులోని మాట చెప్పే ఐటెం. రింగులు. ముగింపు.

వీటి మధ్యలో నాలుగైదు సార్లు చెంబు ఐటెం తిప్పండి. ఖాళీ చేసిన చెంబులోంచి మళ్లీ మళ్లీ నీళ్లు పడే ఈ పాత ఐటెంను మెజీషియన్లు "వాటర్ ఆఫ్ ఇండియా" అని పిలుస్తారు, పుట్టింది మన లోటాలోంచే. అంగడిలో దొరికే రంగుల కుండ కాకుండా ఇత్తడి చెంబు రూపంలో ఉన్నది వాడండి. రెండోసారి నీళ్లు పోసేటప్పటికి పిల్లలు నవ్వుతారు. నాలుగోసారి మీరు చెంబు వైపు చూడకముందే "సార్, చెంబు! చెంబు!" అని వాళ్లే గుర్తు చేస్తారు. ఆ అరుపు వచ్చిందంటే ప్రోగ్రాం మీ చేతికి చిక్కినట్టే.

ముగింపు ఐటెం పూర్తయినట్టు జనానికి స్పష్టంగా తెలియాలి. 1956 ఏప్రిల్ 9న మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ టీవీ పనోరమా కార్యక్రమంలో అమ్మాయిని కరెంటు రంపంతో కోసే ఐటెం చేశారు. అమ్మాయి లేవకముందే ప్రసారం ముగిసిపోయింది. చచ్చిపోయిందనుకుని జనం చేసిన ఫోన్లతో బీబీసీ లైన్లు నిండిపోయాయి. సర్కార్‌కు అది గొప్ప ప్రచారమైంది. మనకు అలా జరిగితే హెడ్‌మాస్టర్ మళ్లీ పిలవరు.

3. ఇదే షోను మూడు కొలతల్లో తయారు చేయండి

దీన్ని చాలామంది పట్టించుకోరు, దెబ్బతినేది కూడా ఇక్కడే. మీకు 7 గంటలని చెబుతారు. చీఫ్ గెస్ట్ ఆలస్యంగా వస్తారు, సన్మానాలు, శాలువాలు, ప్రసంగాలు అవుతాయి. 9 గంటలకు ఎవరో వచ్చి "అన్నా, పదిహేను నిమిషాల్ల కానియ్యి, బస్సులు పోవాలె" అంటారు.

45 నిమిషాలది, 30 నిమిషాలది, 15 నిమిషాలది అని మూడు వరసలు ముందే రాసి ఉంచుకోండి. మూడింటికీ మొదలు, ముగింపు ఒకటే ఉండాలి, మధ్యవే రాలిపోవాలి. ఏ ఐటెం సామాను టేబుల్ మీద ఎక్కడుందో ఆ లెక్కన సర్దుకోండి. 15 నిమిషాల వరసకు కావలసినవి ముందు వైపు, మిగతావి వెనక. అప్పటికప్పుడు వేదిక మీద ఆలోచించి కోస్తే చేతులు వణుకుతాయి.

4. మాటలు రాసుకోండి

చేతులు సాధన చేసినంతగా మాటలు ఎవరూ సాధన చేయరు. "ఇప్పుడు నేను ఈ పేపరును చింపుతున్నాను, చూడండి" అనడం మాట కాదు, కళ్లకు కనిపించేదాన్నే చదివి వినిపించడం. చింపడానికి ఒక కారణం కావాలి. ఉదాహరణకు ఇలా:

"మా తాత పొద్దున పేపరు పట్టుకుంటే పగటియాళ్ల దాకా ఇడువడు. నాకేమో ఆదివారం పిల్లల పేజీ కావాలె. నేను ఇటు గుంజిన. తాత అటు గుంజిండు." (చర్రున చింపాలి.) "ఊకున్నమా? ఊకోలె." (మళ్లీ చింపాలి.) "ఇగ నాయన వస్తున్నడు. ఏం చెయ్యాలె?"

ఆ ప్రశ్న దగ్గర ఆగండి. నిజంగా ఆగి పిల్లల ముఖాల్లోకి చూడండి. "ఉరుకు సార్!" "దాచిపెట్టు!" "అతికియ్యి!" అని అరుస్తారు. మీరు వాళ్లను చూస్తున్నంతసేపూ వాళ్లు మీ ముఖాన్నే చూస్తారు. మీ చేతులకు కావలసిన వ్యవధి అదే. "అతికియ్యి" అన్న పిల్లను వేలితో చూపించి "ఈ బిడ్డ చెప్పింది, అతికిద్దాం" అని విప్పండి. చప్పట్లు ఆ పాపకు కూడా పడతాయి.

మీ ఊళ్లో మాట్లాడే భాషలోనే మాట్లాడండి. టీవీ యాంకర్ తెలుగు తెచ్చిపెట్టుకుంటే పరకాలలోనో జమ్మికుంటలోనో రెండు నిమిషాల్లో జనం దూరమవుతారు. కానీ బూతు, కులం మాట, లావు సన్నం నలుపు మీద జోకులు, పెళ్లాం మీద జోకులు ఏవీ వద్దు. ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రులే రేపు మిమ్మల్ని బర్త్‌డేకి పిలిచేవాళ్లు.

ఇంకో హెచ్చరిక. విభూతి తీయడం, నిమ్మకాయలో రక్తం లాంటివి చేసి "నాకు శక్తి ఉంది" అనే రీతిలో మాట్లాడకండి. మంత్రాల నెపం మీద మనుషులను కొట్టిన ఊళ్లు మన దగ్గర ఉన్నాయి. ఇది చేతి నేర్పు, కనికట్టు అని మొదట్లోనే ఒక మాట చెప్పండి. జన విజ్ఞాన వేదిక వాళ్లు మూఢనమ్మకాల మీద చేసే ప్రదర్శనల్లో రహస్యం కూడా విప్పి చెబుతారు. వాళ్ల ఉద్దేశానికి అది అవసరం. మీరు రహస్యం చెప్పక్కర్లేదు, అబద్ధం చెప్పకపోతే చాలు.

5. యాంగిల్స్ చూసుకోండి

ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తే మీకు ఒక్క కోణమే కనిపిస్తుంది. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం లాంటి ఆడిటోరియంలో జనం ఎదురుగానే ఉంటారు, పక్కలకు వింగ్స్ తెరలు ఉంటాయి. స్కూల్ గ్రౌండ్‌లో అలా ఉండదు. డ్యాన్స్ డ్రెస్సుల్లో ఉన్న పిల్లలు స్టేజీ పక్కన, వెనక కిక్కిరిసి ఉంటారు. ముందు వరస నేల మీద కూర్చుంటుంది కాబట్టి కింది నుంచి పైకి చూస్తారు. మొదటి అంతస్తు వరండాలో నిలబడ్డవాళ్లు పై నుంచి మీ టేబుల్ లోపలికి చూస్తారు.

ఇలా పరీక్షించండి. ఫోన్‌ను నాలుగు చోట్ల పెట్టి ఒకే ఐటెంను నాలుగుసార్లు వీడియో తీయండి: నేల మీద, ఎడమ పక్క చివర, కుడి పక్క చివర, మేడ మీద. ఏ వీడియోలో గుట్టు కనిపించిందో ఆ ఐటెం పక్కన కాగితం మీద రాయండి. "ఎడమ పక్క జనం ఉంటే వద్దు", "మేడ ఉంటే వద్దు" అని. ప్రోగ్రాం రోజు స్టేజీ చూడగానే ఏది తీసేయాలో ఆ కాగితమే చెబుతుంది.

టెంట్ హౌస్ వాళ్లకు ముందే చెప్పి వెనక, రెండు పక్కల సైడ్ వాల్స్ కట్టించుకోండి. వెనక ఫ్లెక్సీ బ్యానర్ వెనకాల లైటు వెలుగుతుంటే ఆర్పించండి. ఆ వెలుతురులో పల్చటి రుమాలు, దారం, దాచినదేదైనా నీడలా కనబడుతుంది. దారంతో చేసే ఐటెంలు పెడస్టల్ ఫ్యాన్ ఉన్న చోట అసలు పెట్టుకోవద్దు. ఫ్యాన్ ఆపమంటే ఆపుతారు, రెండు నిమిషాల తర్వాత ఇంకెవరో వచ్చి వేస్తారు.

6. జనాన్ని పిలవడం

చేతులు ఎత్తి ఎగిరే పిల్లాడిని పిలవకండి. వాడు మీ ప్రోగ్రాం తన ప్రోగ్రాంగా చేసుకుంటాడు. వాడి పక్కన కూర్చుని నవ్వుతూ చూస్తున్న పిల్లను పిలవండి. "నీ పేరేంది బిడ్డా? ఏ క్లాసు?" అని అడిగి మైక్‌లో పేరు వినిపించేలా చేయండి. వచ్చినప్పుడు చప్పట్లు, వెళ్లేటప్పుడు చప్పట్లు. మెట్లు దిగేదాకా అసిస్టెంట్ చెయ్యి అందించాలి, చీకట్లో కేబుళ్లు తట్టుకుని పడేది అక్కడే.

సర్పంచునో, కరస్పాండెంటునో పిలిస్తే వాళ్లను గెలిపించే ఐటెమే చేయండి. ఊరి పెద్దమనిషి చెవిలోంచి గుడ్డు తీస్తే జనం నవ్వుతారు, ఆయన నవ్వరు. మనసులోని మాట చెప్పే ఐటెంలో ఆయన ఊహించింది నిజమైనట్టు చూపిస్తే చాలు. నోటు అడిగి తీసుకుంటే అందరి ముందే తిరిగి ఇచ్చి, "మీ అయిదు వందలు మీకు ముట్టినయా?" అని మైక్‌లో అడగండి.

"సార్, చేతుల ఉంది!" అని అరిచేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. కోపం తెచ్చుకోవద్దు. ఖాళీ చెయ్యి ఉంటే నెమ్మదిగా చూపించండి. ఖాళీ కాకపోతే విననట్టు చెంబు దగ్గరకు నడవండి, నీళ్లు పోయండి.

7. రిహార్సల్

ఐటెంలు విడివిడిగా చేసుకోవడాన్ని రిహార్సల్ అనరు. కోటు వేసుకుని, షూస్ వేసుకుని, మైక్ పెట్టుకుని, మ్యూజిక్‌తో మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా చేయండి. మధ్యలో తప్పు జరిగితే ఆపకండి, దాటుకుని వెళ్లడం కూడా సాధన చేయాలి. ఒక ఐటెం అయ్యాక వాడిన వస్తువు ఎక్కడికి పోతుంది? టేబుల్ మీదా, పెట్టెలోకా, అసిస్టెంట్ చేతికా? దీనికి జవాబు లేకపోతే పది నిమిషాలకే టేబుల్ చెత్తకుప్పలా అవుతుంది.

సర్దిన టేబుల్‌ను, కోటు జేబులను ఫోటో తీసి పెట్టుకోండి. ప్రతి ప్రోగ్రాంకు ముందు ఫోటో చూసి సర్దండి. జ్ఞాపకాన్ని నమ్మవద్దు.

వాతావరణం మన దగ్గర పెద్ద విషయం. మే నెల ఎండకు కారు డిక్కీలో పెట్టిన సామాను జిగురు ఊడుతుంది, ఎలాస్టిక్ సాగుతుంది. వానాకాలం పేకముక్కలు ఉబ్బి కదలవు. సామాను మీతో పాటు నీడలో ఉంచుకోండి.

8. నిప్పు, నీళ్లు, కత్తి

అంటించగానే భగ్గుమనే ఫ్లాష్ పేపర్‌ను షామియానా గుడ్డ కింద వాడకండి. అసిస్టెంట్ చేతిలో ఇసుక బకెట్ ఉన్నా సరే, వాడకండి. తాళాలు, గొలుసులు కట్టుకుని నీళ్లలోకి దిగే ఐటెంలు అసలే వద్దు. 2019 జూన్‌లో కోల్‌కతా దగ్గర హుగ్లీ నదిలో అనుభవమున్న మెజీషియన్ అలాగే చనిపోయాడు. తుపాకీ గుండు పట్టుకునే ఐటెంలో 1918లో లండన్ వేదిక మీద గుండు తగిలి చంగ్ లింగ్ సూ అనే మెజీషియన్ మర్నాడు చనిపోయాడు. యూట్యూబ్‌లో చూసి బ్లేడ్లు మింగే ఐటెం చేస్తానని అడిగే పిల్లలకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: నేర్పను. మీరు చేస్తే ముందు వరసలోని రెండో క్లాసు పిల్లాడు ఇంట్లో చేసి చూస్తాడు.

9. ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడు

ఫోన్‌లో మాట్లాడినదంతా వాట్సాప్‌లో రాసి పంపండి: తేదీ, సమయం, ఎన్ని నిమిషాలు, స్టేజీ కొలత, మైక్ ఎవరిది, కరెంటు పోతే జనరేటర్ ఉందా, పిల్లల వయసు, మీకంటే ముందు ఏముంది, డబ్బు ఎంత, ఎప్పుడు. సగం అడ్వాన్స్ తీసుకోండి. డీజే తర్వాత మీ ప్రోగ్రాం పెడతామంటే ముందుకు మార్చమని అడగండి.

ఎంత అడగాలని అందరూ అడుగుతారు. దారి ఖర్చు, అసిస్టెంట్‌కు ఇచ్చేది, ఖర్చయ్యే వస్తువులు, మీ ఒక రోజు కూలి కలపండి. అంతకంటే తక్కువకు వెళ్తే చేతి నుంచి పెట్టుకున్నట్టే. చుట్టాల ఫంక్షన్లు మీ ఇష్టం.

10. ఎలా జరిగిందో చూసుకోవడం

రెండు ఫోన్లు పెట్టండి. ఒకటి మీ వైపు, రెండోది జనం వైపు. ఎక్కువ నేర్పేది రెండోదే. ఏ నిమిషంలో తలలు పక్కకు తిరిగాయి, ఎక్కడ ఫోన్లు తీశారు, ఎక్కడ తల్లులు పిల్లలను ఎత్తుకుని బయటికి నడిచారు అన్నది రాసుకోండి. ఒకే చోట రెండు మూడు ప్రోగ్రాంలలో తలలు తిరిగితే తప్పు జనానిది కాదు, ఆ ఐటెం పొడవుది. చప్పట్లు రాని చోట ఐటెం బాగాలేదని వెంటనే అనుకోకండి. చాలాసార్లు అయిపోయిందని జనానికి తెలియకపోవడమే కారణం. చేయడం ఆపి, రెండు అడుగులు ముందుకు వచ్చి, చేతులు చాచి, నవ్వి చూడండి. అప్పుడూ రాకపోతే ఐటెం మార్చండి.

ఎక్కువగా అడిగే ఇంకో రెండు

*ఉద్యోగం మానేసి దీని మీదే బతకొచ్చా?* నవంబర్ 14 నుంచి మార్చి దాకా స్కూళ్లు పిలుస్తాయి. వినాయక చవితికి మండపాల వాళ్లు పిలుస్తారు. ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపులు. జూన్, జూలైలలో ఫోన్ మోగదు, ఆషాఢంలో ఫంక్షన్లే ఉండవు. ఆ ఖాళీ నెలలను జేబులో డబ్బుతో రెండేళ్లు దాటగలిగాక ఆలోచించండి. ఈలోపు ఎవరైనా సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా తిరగండి. క్రమంగా నేర్చుకోవాలంటే తిరువనంతపురంలో మెజీషియన్ గోపీనాథ్ ముతుకాడ్ 1996లో పెట్టిన మ్యాజిక్ అకాడమీ ఉంది.

*పావురాలు, చిలకలు వాడొచ్చా?* రామచిలుకను పెంచడమే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం, కాబట్టి చిలక మాట మరిచిపోండి. మిగతా జీవాలను ప్రదర్శనలో వాడాలంటే 2001 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. అది కాగితాల పని, పైగా ఎండాకాలం బస్సులో పావురం బతకదు. రుమాలుతో మడిచిన పావురం బొమ్మ వాడండి. పిల్లలకు దాన్ని మడవడం నేర్పితే ఐదు నిమిషాల ఐటెం అదనంగా దొరుకుతుంది.